మిలిట్రీలో ఉండి, బిడ్డ కోసం నల్గొండ కోర్టులో కేసు నడిపించాలంటే

సికింద్రాబాద్‌లో రైలు దిగి, నల్గొండ బస్సు పట్టుకుని, భుజాన బ్యాగు అట్లాగే వేసుకుని, పాప కస్టడీ కోసం నేను వేసిన కేసు వాయిదాకి నేరుగా కోర్టుకి పోయాను. లోపలికి పిలిచాక జడ్జి గారు అడిగిన మొదటి ప్రశ్న, "పాప ఏ క్లాసు?" యూకేజీ సర్ అన్నాను ఠక్కున. మా పాప అప్పటికి ఒకటో తరగతిలో చేరి మూడు నెలలైంది. మా వకీలు సాబ్ ఫైల్లో ఏదో వెతుకుతున్నట్టు తల దించుకున్నాడు. మనం మంచులో కాపలా కాస్తున్నామా, ఎడారిలోనా అన్నది కోర్టుకి తర్వాతి సంగతి, బిడ్డని పొద్దున లేపి స్కూలుకి తయారుచేసేది ఎవరు అన్నదే మొదటిదని ఆ రోజు నాకు తెలిసింది. ఇది ఎక్కువగా మిలిట్రీలో ఉన్న తమ్ముళ్ల కోసం రాస్తున్నా. డ్యూటీలో ఉన్నది తల్లి అయి, బిడ్డ అత్తగారింట్లో ఉండిపోయినా దారి చాలావరకు ఇదే.

ముందు కేసు ఎక్కడ వేయాలి. మీ పోస్టింగ్ ఎక్కడన్నది లెక్కలోకి రాదు, మీ సొంతూరు ఏదన్నదీ రాదు. 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం సెక్షన్ 9 ప్రకారం బిడ్డ మామూలుగా ఎక్కడ ఉంటుందో ఆ ప్రాంతం కోర్టులోనే వేయాలి. ఫ్యామిలీ కోర్టు ఉంటే అక్కడ, లేకపోతే జిల్లా కోర్టులో. మాతో ఉన్న జడ్చర్ల పిల్లగాడు ఒకడు, భార్య కొడుకుని తీసుకుని మిర్యాలగూడ పుట్టింటికి పోయి ఏడాది దాటినా, తన ఇల్లు ఇక్కడే కదా అని మహబూబ్‌నగర్‌లో వేశాడు. పరిధి లేదని పిటిషన్ వాపసు వచ్చేసరికి ఏడు నెలలు గడిచిపోయాయి. ఒకవేళ విడాకుల కేసు ఇప్పటికే నడుస్తుంటే వేరే కేసు అవసరం లేదు, హిందూ వివాహ చట్టం సెక్షన్ 26 కింద అందులోనే బిడ్డ గురించి అడగొచ్చు.

బిడ్డకి ఐదేళ్లు నిండలేదంటే మామూలుగా తల్లి దగ్గరే ఉండాలని 1956 హిందూ మైనారిటీ (అంటే మైనరు పిల్లల), గార్డియన్‌షిప్ చట్టం సెక్షన్ 6 చెబుతుంది. చాలామంది దీన్ని తిరగేసి చదువుకుంటారు, ఐదు నిండిన తెల్లారే బిడ్డ నాన్నకి వచ్చేస్తుందని. రాదు. అదే చట్టం సెక్షన్ 13లో అన్నిటికంటే ముందు బిడ్డ బాగోగులే అని ఉంది. బిడ్డకి కాస్త ఊహ తెలిసిందంటే జడ్జి గారు తన చాంబర్‌లో కూర్చోబెట్టుకుని మాట్లాడతారు కూడా. ముందు రోజు ఫోన్లో బిడ్డకి పాఠం చెప్పినట్టు చెప్పించే పని పెట్టుకోకండి, రెండు నిమిషాల్లో దొరికిపోతుంది.

ఇక అసలు టెన్షన్, వాయిదాలు. ప్రతి వాయిదాకీ లీవు దొరకదు, దొరికి వచ్చిన రోజు జడ్జి గారే లీవులో ఉండొచ్చు, నాకు అట్లా రెండుసార్లు అయింది. దీనికి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో మన కోసమే ఆర్డర్ 28 అని ఉంది. లీవు దొరకని సైనికుడు తన బదులు కేసు నడపమని ఎవరికైనా రాతపూర్వకంగా అధికారం ఇవ్వొచ్చు. ఆ కాగితం మీద మీరు సీఓ సాబ్, అంటే మీ కమాండింగ్ ఆఫీసర్ ముందు సంతకం పెట్టాలి, ఆయన కౌంటర్ సంతకం పెట్టాలి, తర్వాత దాన్ని కోర్టులో దాఖలు చేయాలి. ఆ మనిషి వకీలుని కూడా పెట్టుకోవచ్చు. నేను మా నాయిన పేరు మీద ఇచ్చాను. జిల్లా కోర్టుల్లో ఈ ఆర్డర్ 28 రోజూ వచ్చే విషయం కాదు కాబట్టి మీ వకీలుకి మీరే గుర్తు చేయండి, మొహమాటపడకండి. ఒకటి మాత్రం పైలం: వాయిదాలకి నాయిన పోవచ్చు గానీ మీ సాక్ష్యం మీరే చెప్పాలి. దానికి లీవు దాచుకోండి, లేదంటే వీడియో కాన్ఫరెన్స్ కోసం ముందే పిటిషన్ వేయించండి, యూనిట్‌లో పర్మిషన్ కూడా ముందే తీసుకోండి. పిటిషన్‌లో అడ్రస్ రాసేటప్పుడు నంబరు, ర్యాంకు, యూనిట్, 56 ఏపీఓ (ఆర్మీ పోస్టాఫీసు) అంతే. ఏ పోస్టులో ఉన్నారో, ఏ సెక్టరో రాయొద్దు, కోర్టు ఫైలు పదిమంది చేతుల్లో తిరుగుతుంది.

మీరు ఫీల్డులో ఉండగా భార్యే కేసు వేసిందనుకోండి. సమన్లు మీ కమాండింగ్ ఆఫీసర్ ద్వారా రావాలని కోడ్‌లో ఉంది. వచ్చిన కాగితాన్ని ట్రంకు పెట్టెలో పడేసి తర్వాత చూద్దామనుకుంటే ఎక్స్‌పార్టీ అయిపోతుంది, అంటే మీరు లేకుండానే కేసు తేల్చేస్తారు. 1925 నాటి ఇండియన్ సోల్జర్స్ లిటిగేషన్ చట్టం కింద, ప్రత్యేక పరిస్థితుల్లో డ్యూటీ చేస్తున్న సైనికుడి కేసుని వాయిదా వేయించే వీలుంది, మీ వెనక ఎక్స్‌పార్టీ డిక్రీ అయిపోతే దాన్ని తీసేయించే వీలూ ఉంది. హెడ్ క్లర్క్‌ని పట్టుకుని సర్టిఫికెట్ పంపించుకోండి. కానీ నా మాట వింటే, దీన్ని ఆపదలోనే వాడండి. కేసు ఎన్నాళ్లు ఆగితే బిడ్డ అన్నాళ్లు అక్కడే ఉంటుంది, అక్కడే అలవాటు పడుతుంది, రేపు కోర్టు చూసేది ఆ అలవాటునే.

ఏం అడగాలన్నది ఇంకా ముఖ్యం. నా మొదటి పిటిషన్‌లో వకీలు సాబ్ అందరికీ రాసినట్టే "పూర్తి కస్టడీ, లేనిపక్షంలో ప్రతి నెలా రెండో, నాలుగో ఆదివారం చూపించాలి" అని రాశాడు. ఆ ఆదివారాలు నేనేం చేసుకోను? మనకి ఏడాదికి 60 రోజుల యాన్యువల్ లీవు, 30 రోజుల క్యాజువల్ లీవు, అవి ఎప్పుడు దొరుకుతాయో దేవుడికి, అడ్జుటెంట్‌కి ఎరుక. అందుకే తారీకులు అడగొద్దు, లీవు అడగండి: లీవుకి వచ్చినప్పుడల్లా ఇన్ని రోజులు బిడ్డ నా దగ్గర ఉండాలి, వేసవి సెలవుల్లో సగం, బతుకమ్మకో దసరాకో ఒకటి, లీవు ఖరారైన రోజే వాట్సాప్‌లో కబురు పెడతాను అని. దీంతో పాటు ఫోను. 2020లో యశితా సాహు కేసులో సుప్రీంకోర్టు, తల్లిదండ్రులు వేరే రాష్ట్రాల్లో ఉన్నప్పుడు కస్టడీ లేనివాళ్లకి బిడ్డతో మాట్లాడే హక్కు ఉండాలని, మామూలు పరిస్థితుల్లో రోజూ ఐదు పది నిమిషాలైనా మాట్లాడించాలని చెప్పింది. ఆ తీర్పు కాపీ జత చేయించండి. ఇవన్నీ అసలు కేసు తేలేదాకా ఆపొద్దు, మధ్యంతర పిటిషన్‌గా మొదట్లోనే వేయించండి.

పూర్తి కస్టడీయే కావాలంటే, మీరు లేనప్పుడు బిడ్డని చూసుకునేది ఎవరో చెప్పాలి. "మా అమ్మ చూసుకుంటది" అన్న ఒక్క ముక్క చాలదు. అమ్మ పేరు మీద అఫిడవిట్, ఆమె ఆరోగ్యం, ఇంటికి స్కూలు ఎంత దూరం, ఆటో ఎవరిది, జ్వరమొస్తే ఏ డాక్టరు, పీస్ స్టేషన్ (కుటుంబంతో ఉండగలిగే పోస్టింగ్) వస్తే క్వార్టర్ దొరుకుతుందా, అక్కడ ఆర్మీ స్కూలో కేంద్రీయ విద్యాలయమో ఉందా, అన్నీ రాయాలి. పార్ట్ టూ ఆర్డర్‌లో (మన కుటుంబ వివరాలు ఆర్మీ రికార్డుకి ఎక్కించే కాగితం) బిడ్డ పేరు ఉన్న కాపీ, ఫీజు కట్టిన రసీదులు, కాల్ రికార్డుల లిస్టు పెట్టుకోండి. స్కూలుకి ఫోన్ చేసి ప్రోగ్రెస్ కార్డు అడిగి తెప్పించుకోండి, ఏ క్లాసో నోటికి రావాలి, నా సంగతి చదివారు కదా.

డబ్బులు ఆపొద్దు. బిడ్డని చూపించట్లేదన్న కోపంతో మనవాళ్లు ముందు చేసే పని అదే. మీ భార్య మీ యూనిట్‌కి దరఖాస్తు పెడితే ఆర్మీ చట్టం ప్రకారం జీతంలోంచి కోసే అధికారం ఆర్మీకే ఉంది, అప్పుడు డబ్బూ పోతుంది, కోర్టులో పేరూ పోతుంది. అట్లాగే లీవులో బిడ్డని ఊరికి తోలుకొచ్చి వాపసు పంపకుండా ఉండటం. ఆమె హైకోర్టులో హెబియస్ కార్పస్ (బిడ్డని కోర్టు ముందు హాజరుపరచమనే పిటిషన్) వేస్తే పోలీసులు మీ ఇంటి తలుపు కొడతారు, మీరేమో డ్యూటీలో ఉంటారు, సమాధానం చెప్పాల్సింది ముసలి తల్లిదండ్రులు.

వకీలు ఫీజు భారమైతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయంలో అడగండి. 2025 జులైలో నల్సా (జాతీయ న్యాయ సేవల సంస్థ) మొదలుపెట్టిన వీర్ పరివార్ సహాయత యోజన సైనికులకి, వాళ్ల కుటుంబాలకి న్యాయ సహాయం కోసమే. రాజీకి కూర్చోమంటే కూర్చోండి, నాకు పనికొచ్చింది అదే. పాప వాళ్లమ్మ దగ్గరే ఉంది, నా లీవులు నావి, రాత్రి ఫోను నాది.

ఆర్డర్ వచ్చాక మొదటి లీవుకి జైసల్మేర్ నుంచి రంగుదారం పని చేసిన చెప్పులు తెచ్చాను. నా కళ్లలో ఉన్నది నాలుగేళ్ల పాదం, పాపకి ఆరు దాటాయి. మడమ సగం వెనక్కి వేలాడుతున్నా అవే వేసుకుని క్లాక్ టవర్ సెంటర్ దాకా నడిచింది. ఇప్పుడు లీవు పాస్ కాగానే మొదటి మెసేజ్ వాళ్లమ్మకే పెడతాను, సైజు ఎంతయిందని.