చేపలు, పెరుగు, సాంబారు: ప్లాస్టిక్ కవర్ లేకుండా ఇంటికి తెచ్చుకోవడం ఎలా?

వేసవిలో కాలువలు కట్టేశాక ఏ లాకుల దగ్గరికైనా వెళ్లి చూడండి. నీళ్లున్నన్నాళ్లూ కనబడని కవర్లన్నీ అడుగు బురదలో కూరుకుపోయి ఉంటాయి. ధవళేశ్వరం నుంచి వచ్చే ఆ నీళ్లే మన చేలకీ, ఊళ్లో మంచినీళ్ల చెరువుకీ వెళ్తాయి. మురుగు కాలువల సంగతైతే ఇంకా ఘోరం. అసలే గుర్రపుడెక్క, దానికి కవర్లు తోడై తూముల దగ్గర అడ్డుపడితే వానాకాలంలో నీరు లాగదు, చేలు మునుగుతాయి.

కవర్లు మానేద్దామని చాలామంది ఒక గుడ్డ సంచి కొని మొదలుపెడతారు, నెల తిరక్కుండా ఆపేస్తారు. ఉల్లిపాయలకీ కందిపప్పుకీ సంచి సరిపోతుంది గానీ చేపలు, పెరుగు, కర్రీ పాయింట్ సాంబారు దగ్గరికి వచ్చేసరికి మళ్లీ కవరే దిక్కవుతుంది. అందుకే తడి సరుకు ఎలా తెచ్చుకోవాలో తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

ముందు ఒక వారం గమనించండి

ఇంటికి వచ్చిన కవర్ ఒక్కటి కూడా పారేయకుండా వంటింట్లో ఒక మేకుకి తగిలించండి. వారం తర్వాత తీసి చూస్తే ఏది సంతలోది, ఏది చికెన్ షాపుది, ఏది మందుల షాపుదో తెలిసిపోతుంది. ఎక్కువ కవర్లు వచ్చేది ఎక్కడి నుంచో అక్కడే మొదలుపెట్టండి, అన్నీ ఒకేసారి మార్చాలని టెన్షన్ పడక్కర్లేదు.

సంచులు కొనకండి, కుట్టించుకోండి

డెన్మార్క్ పర్యావరణ సంస్థ 2018లో ఒక లెక్క వేసింది. వాతావరణ మార్పు ఒక్కటే చూసుకున్నా, కొత్త కాటన్ సంచిని కనీసం 52 సార్లు వాడితేనే అది ప్లాస్టిక్ కవర్ కన్నా నయమవుతుందట. మిగతా నష్టాలు కూడా కలిపితే అది వేలల్లోకి వెళ్తుంది. కాబట్టి పాత లుంగీలు, దుప్పట్లు, దిండు గలీబులు తీసి మీ వీధి టైలర్‌కి ఇవ్వండి. అడుగున రెండు వరసలు కుట్టమని, చేతిపట్టీలు సంచి లోపలి దాకా దించి కుట్టమని చెప్పండి, తెగేది ఎప్పుడూ అక్కడే. కూరగాయలు విడివిడిగా వేసుకోవడానికి పాత ఓణీతో చిన్న సంచులు కూడా నాలుగైదు కుట్టించుకుంటే, పచ్చిమిర్చికో కవర్, అల్లానికో కవర్ అడగాల్సిన పని ఉండదు.

షాపుల్లో ఇచ్చే గుడ్డలాంటి రంగు సంచుల్ని నమ్మకండి. వాటిలో చాలావరకు పాలీప్రొపిలీన్, అంటే ప్లాస్టిక్కే. అనుమానముంటే చిన్న పోగు లాగి ఆరుబయట అగ్గిపుల్లతో కాల్చి చూడండి. నూలు బూడిదవుతుంది, ప్లాస్టిక్ కరిగి ముద్దగా గట్టిపడుతుంది. ఇంట్లో ఉన్నవి మాత్రం పారేయకుండా చిరిగేదాకా వాడండి. రొయ్యల మేత సంచులకి పట్టీలు కుట్టించి కొబ్బరికాయలు మోయడానికి వాడుకునేవాళ్లు మన దగ్గర చాలామంది ఉన్నారు, మంచి పనే. కాకపోతే అవీ ప్లాస్టిక్కే, ఎండలో వదిలేస్తే పొడిపొడిగా రాలిపోతాయి, నీడలో పెట్టుకోండి. యూరియా సంచులు మాత్రం తినే వస్తువులకి వద్దు.

తడి సరుకుకి

చేపలకీ రొయ్యలకీ మూత బిగుతుగా పట్టే స్టీలు డబ్బానే తీసుకెళ్లండి. ప్లాస్టిక్ డబ్బాకి పట్టిన నీచు వాసన ఎంత కడిగినా వదలదు, స్టీలుకైతే కాస్త చింతపండు పెట్టి తోమితే పోతుంది. ముందు తూకం పళ్లెంలోనే తూచి, ఆ తర్వాత డబ్బాలో వేయమనండి, అప్పుడు డబ్బా బరువు గురించి పేచీ ఉండదు. అడుగున అరటాకు ముక్క పరిస్తే నీరు ఓడినా కడగడం సులువు. డబ్బాని గోనెసంచిలో నిలబెట్టి బండికి తగిలించుకుంటే ఒలకదు. చికెన్, మటన్‌కీ ఇదే పద్ధతి. బాదం ఆకులో, తేకు ఆకులో కట్టిచ్చే కొట్టు ఇంకా ఉంటే అక్కడే కొనండి, ఆ అలవాటు పోనివ్వకండి.

కర్రీ పాయింట్‌కి క్యారేజీ పట్టుకెళ్లాల్సిందే. పొగలు కక్కే సాంబారుని పలచటి కవర్‌లో పోస్తే ప్లాస్టిక్‌లోని రసాయనాలు తిండిలోకి దిగే అవకాశం ఉంది, దాన్నే ఇంటికొచ్చి పిల్లలకి వడ్డిస్తున్నాం. నాకైతే అన్నిటికన్నా ముందు మానాల్సింది ఇదే అనిపిస్తుంది. పార్శిల్ టీకి ఫ్లాస్కు, కొబ్బరినీళ్లకి సీసా, పెరుగుకి గిన్నె. ఇడ్లీ పొట్లంలో ప్లాస్టిక్ షీటు బదులు అరటాకు వేయమని అడగండి. రావులపాలెంలో అంత పెద్ద అరటి మార్కెట్ పెట్టుకుని మనం షీట్ల మీద తినడం ఏం బావుంటుంది!

సంచి ఎక్కడ ఉండాలి, మాట ఎప్పుడు చెప్పాలి

సంచి బీరువాలో ఉంటే లేనట్టే. ఒకటి బండి సీటు కింద, ఒకటి ఆఫీసు బ్యాగులో, ఒకటి గుమ్మం పక్కన మేకుకి. సరుకు దింపగానే మళ్లీ అదే చోట పెట్టేయండి.

కొట్లో ఆయన కవర్ విదిలించి తెరిచాక వద్దంటే లాభం లేదు, చాలాసార్లు అది అక్కడే నలిగి కిందపడుతుంది. బేరం మొదలుపెట్టేటప్పుడే “కవరొద్దండి బాబాయ్‌గారూ, ఇందులో వేసేయండి” అని సంచి నోరు తెరిచి పట్టుకోండి. ఎవరూ విసుక్కోరు, కవర్ ఖర్చు వాళ్లకీ మిగులుతుంది కదా. పైగా 120 మైక్రాన్ల కన్నా పలచటి క్యారీ బ్యాగులకి 2022 డిసెంబర్ 31 నుంచి దేశమంతటా నిషేధం ఉంది.

చెత్తబుట్టకి కవర్ కావాలి కదా అంటారు. తడి చెత్త వేరు చేస్తే అక్కర్లేదు. పెరడుంటే కూరగాయల తొక్కలు కొబ్బరిచెట్టు పాదులో వేసి మట్టి కప్పండి, లేనివాళ్లు బుట్ట అడుగున పాత పేపరు పరుచుకుంటే చాలు.

ఇంట్లో ఇప్పటికే పోగుపడ్డ కవర్లని, పాల ప్యాకెట్లని కడిగి ఆరబెట్టి పొడి చెత్తలో ఇవ్వండి. పాల ప్యాకెట్ కత్తిరించేటప్పుడు మూల ముక్క పూర్తిగా తెగిపోకుండా చూడండి, ఆ చిన్న ముక్కలు ఎవరూ ఏరరు, నేరుగా కాలువలోకే పోతాయి. నీళ్లపొయ్యిలో కవర్లు వేసి మంట అంటించే అలవాటుంటే మానేయండి, ఆ పొగ పీల్చేది పొయ్యి దగ్గర కూర్చున్నవాళ్లే. భోగిమంటలోకి కూడా పాత కవర్లు, టైర్లు తేవద్దని వీధి పిల్లలకి ముందురోజే చెప్పండి. పిడకలు, తాటాకులు, ఎండు కొబ్బరిమట్టలు మన దగ్గర కావలసినన్ని ఉన్నాయి.