ఇంటి వద్ద ఉపశమన సంరక్షణ – 4వ పాఠం: ఎముక నొప్పికి రేడియేషన్

మార్ఫిన్ మాత్రను వేళకు ఇవ్వడం, దానితోపాటు మలబద్ధకం రాకుండా మందు వాడడం గత పాఠంలో నేర్చుకున్నాము. ఎముకకు పాకిన క్యాన్సరు నొప్పి మాత్రలకు పూర్తిగా లొంగనప్పుడు డాక్టర్లు రేడియేషన్‌ను, అంటే మన పల్లెల్లో కరెంటు పెట్టడం అనే చికిత్సను, సూచిస్తారు. దీనితో జబ్బు నయం కాదు. రోగి బాధ లేకుండా పక్క మీద ఒత్తిగిలగలిగితే, నాలుగడుగులు వేయగలిగితే చికిత్స ఫలించినట్లే. ఈ సంగతి ఇంటిల్లిపాదికీ ముందే తెలియాలి.

ఉదయగిరి నుండో పామూరు నుండో రోగిని రేడియేషన్ యంత్రమున్న ఊరికి చేర్చడమే పెద్ద పని కనుక, డాక్టరును మొదట అడగవలసిన మాట "ఒకే విడతతో సరిపోతుందా అండీ?" అన్నది. ఎముక విరగకుండా, వెన్నుపాముపై ఒత్తిడి లేకుండా ఉన్నవారికి 8 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదుకు కొలత) మోతాదును ఒక్క రోజులో ఇచ్చినా, 30 గ్రేలను 10 విడతలుగా పంచి ఇచ్చినా నొప్పి తగ్గడంలో చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధనల్లో తేలింది. ఒకే విడత తీసుకున్నవారిలో కొందరికి తర్వాత అదే చోట మళ్లీ ఇవ్వవలసి వస్తుంది. అయినా, నడుము నొప్పితో కదల్లేని మనిషిని గతుకుల దారిలో పది రోజులు తిప్పడం కంటే అదే మేలని నా అభిప్రాయం.

తర్వాతి పని నోటుబుక్కుది. చికిత్స జరిగిన మొదటి రెండు మూడు రోజుల్లో నొప్పి కాస్త పెరగవచ్చు. ఉపశమనం పూర్తిగా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. అందువల్ల ఇంటికి రాగానే మార్ఫిన్ ఆపకూడదు. సున్నా నుండి పది వరకు నొప్పి ఎంతో రోగినే అడిగి, "ఉదయం 6 గంటలకు: ఏడు. మాత్ర వేసిన గంటకు: నాలుగు. రాత్రి ఒత్తిగిలినప్పుడు: ఎనిమిది" అని రాయండి. అంకెలు తగ్గుతూ, మగత పెరుగుతూ ఉంటే ఆ పుస్తకాన్ని డాక్టరుకు చూపి మోతాదు తగ్గింపు గురించి అడగాలి. (బయటి యంత్రంతో ఇచ్చే ఈ చికిత్స తర్వాత రోగి ఒంట్లో రేడియేషన్ మిగలదు, మనవళ్లను దగ్గరికి రానివ్వవచ్చు.)

కనిగిరి ప్రాంతంవారికి ప్రత్యేకంగా ఒక హెచ్చరిక. అక్కడ నడుము పట్టేస్తే ఫ్లోరైడ్ నీళ్ల మీదికి తోసేయడం అలవాటు. క్యాన్సరు రోగికి కొత్తగా వెన్నునొప్పి వచ్చి, పడుకున్నా దగ్గినా ఎక్కువవుతూ, కాళ్లు పట్టు తప్పినా, తిమ్మిరెక్కినా, మూత్రం బిగిసినా అది వెన్నుపాము నొక్కుకుపోతున్న గుర్తు కావచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకుపోవాలి. నడవగలుగుతుండగా చికిత్స అందినవారిలో ఎక్కువమందికి నడక నిలుస్తుంది. కాళ్లు పూర్తిగా పడిపోయాక అది తిరిగి రావడం అరుదు.

అభ్యాసం: వచ్చే పాఠంలోగా మూడు రోజుల అంకెలు రాసి ఉంచండి, రోజూ పడుకోబెట్టే ముందు రెండు పాదాలనూ మీ అరచేతుల మీద నెట్టించి, బలం సమానంగా ఉన్నదీ లేనిదీ పక్కనే గుర్తు పెట్టండి.