అందరికీ అందే పత్రాలు – 3వ పాఠం: పీడీఎఫ్‌లో ట్యాగులు

గత పాఠం అభ్యాసంలో ఒక వర్డ్ పత్రం తీసుకుని, శీర్షికల అక్షరాలను పెద్దవి చేసి సరిపెట్టుకోకుండా, వాటికి హెడింగ్ స్టైళ్లు పెట్టాము. ఆ ఫైలునే ఇప్పుడు తెరవండి. దానిని పీడీఎఫ్‌గా మార్చడమే ఈ పాఠం. ఒక్క నొక్కుతో తీరిపోయే పనిలా కనిపిస్తుంది గానీ, అంతకుముందు పడిన శ్రమంతా వృథా అయ్యేది చాలాసార్లు ఇక్కడే.

1993లో పీడీఎఫ్ వచ్చినప్పుడు, ఏ కంప్యూటరులో తెరిచినా పుట ఒకేలా కనిపించాలన్నదే దాని ప్రధాన ఉద్దేశం. అందుచేత దాని లోపల ‘ఈ అక్షరాన్ని పుటలో ఫలానా చోట గీయి’ అనే ఆదేశాలు ఉండేవే తప్ప, ఇది శీర్షిక, ఇది పేరా, ఇది పట్టిక అనే సమాచారం ఉండేది కాదు. చూపు ఉన్నవారు అక్షరాల పరిమాణాన్నీ మధ్యనున్న ఖాళీలనూ బట్టి ఆ సంగతి గ్రహిస్తారు. చూపు లేనివారి కోసం తెర మీది పాఠాన్ని గొంతుతో చదివి వినిపించే స్క్రీన్ రీడర్ సాఫ్ట్‌వేర్‌కు ఆ ఆధారం లేదు. రెండు నిలువు వరుసల్లో ఉన్న పుటను అది ఊహ మీద ఆధారపడి చదవవలసి వస్తే, ఎడమ వరుసలోని మొదటి పంక్తి సగం వాక్యంలో ఆగిపోయి, వెంటనే కుడి వరుసలోని మొదటి పంక్తి వినిపించవచ్చు. ఈ లోటు తీర్చడానికి 2001 నాటి పీడీఎఫ్ 1.4లో, ఏది శీర్షిక, ఏది పేరా, ఏది పట్టిక అన్నది ఫైలు లోపలే గుర్తుపెట్టే ట్యాగుల విధానం వచ్చింది. అందరికీ అందే పీడీఎఫ్ ఎలా ఉండాలో నిర్దేశించే పీడీఎఫ్/యూఏ ప్రమాణం, అంటే ఐఎస్ఓ 14289, 2012లో వెలువడింది.

ఇప్పుడు మీ పత్రం నుంచి రెండు పీడీఎఫ్‌లు తయారు చేయండి. మొదటిదానికి ప్రింట్ ఆదేశం ఇచ్చి, ప్రింటర్ల జాబితాలో ‘మైక్రోసాఫ్ట్ ప్రింట్ టు పీడీఎఫ్’ ఎంచుకోండి. రెండవదానికి ‘సేవ్ యాజ్’లో పీడీఎఫ్ ఎంచుకుని, ఆప్షన్స్‌లో పత్ర నిర్మాణపు ట్యాగులకు సంబంధించిన గడిలో టిక్కు ఉందో లేదో చూసుకుని భద్రపరచండి. లిబ్రే ఆఫీసు వాడేవారు పీడీఎఫ్ ఎగుమతి కిటికీలో ‘ట్యాగ్డ్ పీడీఎఫ్’ అన్న ఎంపికను చూసుకోవాలి. రెండు ఫైళ్లనూ పక్కపక్కన పెట్టి చూస్తే కంటికి తేడా తెలియదు.

తేడా వినాలి. ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ స్క్రీన్ రీడర్‌ను నడిపి, రెండవ ఫైలును అక్రోబాట్ రీడర్‌లో తెరిచి, కీబోర్డు మీద హెచ్ అక్షరం నొక్కండి. నొక్కిన ప్రతిసారీ తరువాతి శీర్షిక దగ్గరకు వెళ్లి, దాని స్థాయితో సహా చదువుతుంది. టీ నొక్కితే పట్టికల దగ్గరకు, జీ నొక్కితే బొమ్మల దగ్గరకు వెళ్తుంది. మొదటి ఫైలులోనూ అదే చేసి చూడండి. అక్కడ మీరు పెట్టిన శీర్షికల స్టైళ్ల జాడ ఉండదు; కావలసిన అధ్యాయం కోసం నలభై పుటలూ మొదటి నుంచి వినుకుంటూ పోవడమే శరణ్యం. తరువాత ట్యాగులు చేతితో అతికించడానికి ఉపకరణాలు లేకపోలేదు, కానీ మూల పత్రంలో పది నిమిషాల్లో అయ్యే పనికి అక్కడ పూట పడుతుంది. అందువల్ల లోపం ఎక్కడ కనిపించినా మూల పత్రానికే తిరిగి వెళ్లి సరిచేయడం నా పద్ధతి.

పట్టికలకు మొదటి అడ్డు వరుసను శీర్షిక వరుసగా గుర్తించాలి. లేకపోతే గడిలోని అంకె వినిపిస్తుంది గానీ అది దేనికి సంబంధించిన అంకె అన్నది వినిపించదు. పత్రం భాషను తెలుగుగా నిర్ణయించడం కూడా మరవకండి, ఎందుకంటే ఏ గొంతుతో చదవాలో స్క్రీన్ రీడర్ దానిని బట్టే నిర్ణయించుకోగలదు. పాత ముద్రణ ఫాంట్లలో టైపు చేసిన తెలుగుకు మాత్రం ఏ ట్యాగూ పనికిరాదు: తెర మీద ‘అ’ కనిపించినా లోపల ఉన్నది వేరే గుర్తు కాబట్టి, ముందు దానిని యూనికోడ్‌లోకి, అంటే ప్రతి అక్షరానికీ అన్ని కంప్యూటర్లలో ఒకే సంకేతం ఉండే పద్ధతిలోకి, మార్చాలి.

ఇక తనిఖీ. అక్రోబాట్ రీడర్‌లో ఫైలు వివరాల కిటికీ తెరిస్తే ‘ట్యాగ్డ్ పీడీఎఫ్’ ఎదురుగా అవునో కాదో ఉంటుంది. లోతైన పరీక్షకు ‘పాక్’ అనే ఉచిత ఉపకరణం ఉంది. అయితే అన్నీ పచ్చ గుర్తులే వచ్చాయని నిశ్చింతగా ఉండకండి. పీడీఎఫ్/యూఏ తనిఖీ కోసం రూపొందిన మాటర్‌హార్న్ ప్రొటోకాల్ 136 రకాల లోపాలను పేర్కొంటే, వాటిలో 47 మనిషి చూసి తేల్చవలసినవే. బొమ్మకు వివరణ ఉన్నదా అన్నది యంత్రం చెబుతుంది. ఆ వివరణ స్థానంలో ‘బొమ్మ1’ అని ఉన్నా అది సరేనంటుంది.

అభ్యాసం: మీ దగ్గర ఇప్పటికే ఉన్న పీడీఎఫ్‌లలో మూడింటిని ఎన్‌వీడీఏతో తెరిచి, తెర ఆపేసి, కేవలం హెచ్, టీ అక్షరాలతో మీకు కావలసిన ఒక విషయాన్ని వెతకండి. ఎక్కడ చిక్కుకున్నారో రాసి పెట్టుకోండి. బొమ్మల వివరణల గురించిన 4వ పాఠంలో ఆ కాగితంతోనే మొదలుపెడదాము.