చర్చి రేకులు వేయిస్తానని నాయకుడు వస్తే ఎలా వద్దనాలి

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. 2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి కొబ్బరి చెట్లతో పాటు మా మందిరం రేకులూ లేచిపోయాయి. ఆర్నెల్లకే ఎన్నికలు. పోటీలో ఉన్న ఒకాయన వచ్చి రేకులు నేను వేయిస్తానంటే దేవుడే పంపాడనుకుని ఒప్పేసుకున్నాం. ఆ వచ్చే ఆదివారం ఆయన కండువాతో పుల్పిట్ దగ్గర నిలబడి మైకు తీసుకున్నారు. ఎప్పుడూ మూడో వరుసలో కూర్చునే ఒక పెద్దావిడ, కొడుకు అవతలి పార్టీలో తిరుగుతాడు, బైబిలు సంచిలో పెట్టుకుని వాక్యం మొదలవకముందే లేచి వెళ్లిపోయింది. మళ్లీ రావడానికి ఏడాది దాటింది.

అందుకని ఎన్నికలు దగ్గర్లో లేనప్పుడే సంఘ పెద్దలు కూర్చుని తీర్మానం రాసుకోండి: పార్టీల నుంచి, పోటీ చేసేవాళ్ల నుంచి డబ్బు, సామాను తీసుకోం, ఆరాధనలో మైకు ఇవ్వం. మినిట్స్ పుస్తకంలో రాసి అందరూ సంతకాలు పెట్టండి, ఎందుకంటే ఎన్నికలొచ్చాక పెద్దల్లోనే నలుగురూ నాలుగు పార్టీలవుతారు, అప్పుడు ఎవరూ నోరు విప్పలేరు.

నాయకుడు వచ్చినప్పుడు మర్యాద తగ్గకూడదు. "రండి బాబూ, కూర్చోండి, టీ తాగండి, మీ కోసం ప్రార్థన చేస్తాం. డబ్బు మాత్రం వద్దు, మా సంఘం తీర్మానం ఉంది. చేయాలనుంటే ఊరికి రోడ్డు వేయించండి, అందరం నడుస్తాం." అంతే చాలు. బలవంతం చేస్తే చట్టం సంగతి చెప్పండి: గుడైనా మసీదైనా చర్చి అయినా రాజకీయాలకు వాడనివ్వకూడదని 1988లోనే చట్టం వచ్చింది, ఐదేళ్ల వరకు జైలు ఉంది. మతం పేరుతో ఓటడిగితే ఎన్నికే రద్దు కావచ్చు, ఆ మాట ఓటరు మతానికీ వర్తిస్తుందని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది.

అసలు టెన్షన్ మనవాళ్లతోనే. "మనవాడే కదా, ప్రభువు బిడ్డ" అంటారు. వాళ్లకి రోజర్ విలియమ్స్ అనే పాతకాలపు పాస్టరు గురించి చెప్పండి. అమెరికాలోని మసాచుసెట్స్‌లో సాటి క్రైస్తవులే ప్రభుత్వాన్ని పట్టుకుని ఆయన్ని వెళ్లగొట్టారు, 1636లో ఆయన ప్రావిడెన్స్ అనే ఊరు కట్టి ఎవరి మనస్సాక్షి వాళ్లదన్నాడు. చర్చికీ ప్రభుత్వానికీ మధ్య గోడ ఉండాలని 1802లో అమెరికా అధ్యక్షుడు జెఫర్సన్ రాసిన ఉత్తరం కూడా డాన్‌బరీ అనే ఊరి బాప్టిస్టులకే. మన జిల్లాలో బాప్టిస్టు మిషన్ ఎంత పాతదో మీకు తెలుసు, అంటే ఈ గోడ నాస్తికులు తెచ్చి మన మీద పడేసింది కాదు, మన పెద్దలు అడిగి కట్టించుకున్నది.

ఒక దగ్గర మాత్రం నాకూ గొంతు పెగలదు. పాస్టర్లకు ప్రభుత్వం నెలకు 5,000 గౌరవ వేతనం అన్నప్పుడు, ఇంట్లో బియ్యం నిండుకున్న సేవకుడిని వద్దనమని ఎలా చెప్పను? కానీ జీతమిచ్చే చేతిని ఆదివారం నాడు తప్పని గద్దించలేం. ముందు సంఘం ఆయన కుటుంబానికి నెలనెలా ఇవ్వడం మొదలుపెట్టాలి, ఆ తర్వాతే వద్దనమని అడగాలి. తుఫాను పరిహారం వేరే సంగతి. అది మీ ఇంటికి, మీ తోటకి పౌరుడిగా మీకు రావాల్సింది, వదులుకోకండి. ఊళ్లో అమ్మవారి గుడికి ఇచ్చారని గొడవపడే ముందు మాత్రం మన రేకులు ఎవరి డబ్బో చూసుకోండి.

మేం చూసుకున్నాం. ఆ రేకుల డబ్బు తిరిగిచ్చేయడానికి రెండు జీడి సీజన్లు పట్టింది, స్త్రీల సమాజం పిడికెడు బియ్యం కూడబెట్టి అమ్మి సగం తెచ్చింది. డబ్బు పట్టుకెళ్తే ఆ నాయకుడు తీసుకోనన్నారు. కవరు ఆయన బల్ల మీద పెట్టి, దండం పెట్టి వచ్చేశాం.