యూపీఐలో వచ్చిన వ్యాపార రాబడికి ఐటీఆర్-4 దాఖలు: బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గర పొరపాటు పడకండి

మా వీధిలో బట్టలు కుట్టే ఒకావిడ ఈ మధ్య కొత్త మిషను కోసం రుణం అడిగితే, ఆదాయపు పన్ను రిటర్ను తెమ్మన్నారు. ఆవిడ ఒక దళారి దగ్గరికి వెళ్లింది. అతను బ్యాంకు స్టేట్‌మెంటులో జమ అయిన మొత్తాలన్నీ కూడి, "మీ ఖాతాలోకి 11,60,000 రూపాయలు వచ్చాయమ్మా. ఇంతవరకు ఎక్కడా చూపించలేదు, నోటీసు తప్పదు. ఎనిమిది వేలు ఇస్తే నేను సర్దుతాను" అన్నాడట. ఆవిడ భయపడింది కానీ డబ్బు మాత్రం ఇవ్వలేదు. మర్నాడు మా అరుగు మీద కూర్చుని స్టేట్‌మెంటులో ఒక్కొక్క వరుసా చూశాం. కుట్టుపని మీద వచ్చింది 4,60,000 మాత్రమే. మిగిలిన ఏడు లక్షలు అసలు వ్యాపార రాబడే కాదు.

ఇలాంటివాళ్లు చాలామంది కనిపిస్తున్నారు కాబట్టి ఐటీఆర్-4 అనే ఆదాయపు పన్ను రిటర్ను వేసే పని మొదటి నుంచి చివరి దాకా ఎలా జరుగుతుందో రాస్తున్నాను. ఇక్కడ చెప్పేది 2025-26 ఆర్థిక సంవత్సరానికి, అంటే 2026 మార్చి 31తో ముగిసిన ఏడాదికి సంబంధించినది. 2025 నాటి కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి వచ్చింది. అయినా ఈ రిటర్ను 1961 నాటి చట్టం ప్రకారమే వేయాలి. సెక్షన్ల సంఖ్యలు కూడా పాతవే ఇస్తున్నాను.

యూపీఐలో డబ్బు వచ్చినందుకు పన్ను లేదు. పన్ను ఆదాయం మీద. అది నోట్లుగా వచ్చినా ఫోనులో వచ్చినా ఒకటే. పైగా ఫోనులో తీసుకున్నవారికి చట్టం కొంత వెసులుబాటు ఇచ్చింది. 44ఏడీ సెక్షన్ కింద చిన్న వ్యాపారి లెక్కల పుస్తకాలు రాయకుండానే, అమ్మకాల మొత్తంలో ఇంత శాతం లాభమని చూపించవచ్చు. నగదు అమ్మకాల మీద కనీసం 8 శాతం, యూపీఐ, కార్డు, బ్యాంకు బదిలీల ద్వారా వచ్చినవాటి మీద కనీసం 6 శాతం. ఏడాది టర్నోవర్, అంటే అమ్మకాల మొత్తం, 2 కోట్లు మించకూడదు. నగదు రాబడి మొత్తంలో 5 శాతం లోపే ఉంటే 3 కోట్ల దాకా అనుమతిస్తారు. కమీషన్, బ్రోకరేజీ, ఏజెన్సీ వ్యాపారాలకు ఇది వర్తించదు. వైద్యులు, న్యాయవాదులు, ఇంజనీర్లు వంటి వృత్తుల వారికి 44ఏడీఏ అనే వేరే సెక్షన్ ఉంది. అక్కడ లాభం కనీసం 50 శాతం.

ఒక హెచ్చరిక. 6 శాతం అన్నది కనీసపు అంకె మాత్రమే. నిజంగా మిగిలింది అంతకంటే ఎక్కువైతే ఆ ఎక్కువే రాయాలి. కుట్టుపని ఆవిడకు నగదుగా మరో 1,50,000 వచ్చింది. శాతాల ప్రకారం లెక్కవేస్తే లాభం 39,600 అవుతుంది. కానీ దారం, లైనింగు, కరెంటు, గది అద్దె పోను ఆవిడ చేతిలో మిగిలింది రెండున్నర లక్షలు. ఆ అంకే వేశాం. కొత్త పన్ను విధానంలో 4 లక్షల దాకా పన్ను లేదు. అక్కడి నుంచి మొత్తం ఆదాయం 12 లక్షలు మించకపోతే, ఇలాంటి వ్యాపార ఆదాయం మీద పడే పన్ను 87ఏ సెక్షన్ కింద ఇచ్చే రిబేటుతో, అంటే పన్ను తగ్గింపుతో, పోతుంది. నిజం చెప్పినా పన్ను సున్నాయే అయినప్పుడు అంకె తగ్గించి ఏం లాభం? రుణం ఇచ్చే బ్యాంకు కూడా ఆ అంకెనే చూస్తుంది.

అందరూ తడబడేది బ్యాంకు స్టేట్‌మెంటు దగ్గరే, కాబట్టి దాని గురించి వివరంగా చెబుతాను. యాప్‌లో కనిపించే చరిత్రను నమ్ముకోవద్దు. ఒక యాప్‌లో ఆ యాప్ ద్వారా జరిగినవి ఉంటాయి, రెండో యాప్‌వి ఉండవు. యూపీఐకి జోడించిన ప్రతి ఖాతాకూ ఏప్రిల్ 1 నుంచి మార్చి 31 దాకా బ్యాంకు స్టేట్‌మెంటు తీసుకోండి. దాని జమ వరుసలో ఉన్న మొత్తం టర్నోవర్ కాదు. ఆ రోజు అరుగు మీద ఆవిడ తన నీలం సుద్ద తీసి, కుట్టుపని డబ్బు కాని ప్రతి వరుస పక్కనా గీత పెడుతూ పోయింది. కొడుకు నెలనెలా పంపిన ఇరవై వేలు, ఏడాదికి 2,40,000. చీటీ ముగిసి చేతికొచ్చిన సొంత సొమ్ము 3,00,000. ఆడపడుచు తిరిగి ఇచ్చిన చేబదులు 50,000. తన రెండో ఖాతా నుంచి తానే మార్చుకున్నది 1,10,000. గీతలు లేని వరుసలు కూడితే 4,60,000 తేలింది. ఆ కాగితం మీద ఆవిడ చేత తేదీ వేయించి సంతకం చేయించాను. రేపు ఎవరైనా అడిగితే చూపించడానికి అంతకంటే మంచి ఆధారం లేదు.

మీరూ ఇలాగే చేయండి. కొడుకు, కూతురు, భార్య, భర్త, తోబుట్టువులు వంటి చట్టం చెప్పిన బంధువులు ఇచ్చింది ఎంతైనా పన్ను ఉండదు. స్నేహితులు, పరిచయస్తులు ఉచితంగా ఇచ్చినవన్నీ కలిపి ఏడాదిలో 50,000 దాటితే మాత్రం ఆ మొత్తమంతా ఆదాయమే. అప్పు తీసుకోవడం, ఇచ్చిన అప్పు తిరిగి రావడం ఆదాయం కావు. కాకపోతే ఎవరు, ఎప్పుడు, ఎందుకు అన్నది పక్కన రాసి ఉంచాలి. ఆరు నెలల తర్వాత అడిగితే మనకే గుర్తుండదు.

దుకాణంలో వ్యాపారుల క్యూఆర్ కోడ్ పెట్టుకున్నవారికి మరో చిక్కు ఉంది. కొన్ని సంస్థలు రోజంతా వచ్చిన చిన్న చిన్న మొత్తాలను కలిపి ఒకేసారి ఖాతాలో వేస్తాయి. అప్పుడు స్టేట్‌మెంటులో ఒక్క వరుసే కనిపిస్తుంది. విడి వివరాలు ఆ సంస్థ నివేదికలో ఉంటాయి. ఆ రెండింటినీ కూడితే ఒకే డబ్బును రెండుసార్లు లెక్కపెట్టినట్టు అవుతుంది. ఏదో ఒకటే తీసుకోండి. దుకాణం డబ్బు భర్త ఖాతాలోనో పిల్లల ఖాతాలోనో వేయించుకోవడం ఈరోజే ఆపేయండి, వ్యాపారానికి విడిగా ఒక ఖాతా పెట్టుకోండి. నగదు అమ్మకాలు స్టేట్‌మెంటులో కనిపించవు కదా అని వదిలేయకండి, అవీ కలపాలి.

స్టేట్‌మెంటు తేలాక మిగిలినవి సులువు. పాన్‌కు ఆధార్ జోడించి ఉండాలి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో పాన్‌తో నమోదై లోపలికి వెళ్లండి. ముందుగా మీ ప్రొఫైల్‌లో ఎవరి ఫోను నంబరు, ఎవరి ఈమెయిలు ఉన్నాయో చూడండి. దళారులు తమ నంబరు పెట్టి నమోదు చేసేస్తారు. తర్వాత ఓటీపీలు, శాఖ పంపే సందేశాలు అన్నీ వాళ్లకే వెళతాయి. మీకు నోటీసు వచ్చిందన్న సంగతి కూడా మీకు తెలియదు. మీ నంబరు లేకపోతే మార్చుకున్నాకే ముందుకు వెళ్లండి.

ఆ తర్వాత ఏఐఎస్ అనే వార్షిక సమాచార పత్రం తెరవండి. బ్యాంకు వడ్డీ, ముందుగానే కోసుకున్న పన్ను (టీడీఎస్), పెద్ద నగదు డిపాజిట్లు, జీఎస్టీ ఉన్నవారికి ఆ టర్నోవర్ అందులో ఉంటాయి. పొదుపు ఖాతా వడ్డీ చాలామంది మరచిపోతారు, అది రిటర్నులో కలపాలి. మీది కాని అంకె కనిపిస్తే అక్కడే అభ్యంతరం తెలపవచ్చు. కంగారు అవసరం లేదు.

ఇక ఈ-ఫైల్‌లోకి వెళ్లి ఐటీఆర్-4, దాని పేరు సుగమ్, ఎంచుకోండి. మొత్తం ఆదాయం 50 లక్షలు మించని భారతదేశ నివాసులకు ఇది సరిపోతుంది. వ్యాపార భాగంలో డిజిటల్ రాబడి ఒక గడిలో, నగదు మరో గడిలో వేయాలి. చేతిలో ఉన్న నగదు, సరుకు నిల్వ, రావలసిన బాకీలు, ఇవ్వవలసిన బాకీలు ఏడాది చివరి రోజున ఎంత ఉన్నాయో అడుగుతుంది. ఆ గడులన్నింటిలో సున్నా పెట్టేయకండి, ఉన్నది రాయండి. దాఖలుకు ఎలాంటి రుసుమూ లేదు. గడువు దాటితే మాత్రం ఆలస్య రుసుము పడవచ్చు. రిటర్ను తప్పనిసరిగా వేయాల్సినవారికి అది ఆదాయం 5 లక్షల లోపైతే 1,000, ఆపైన 5,000.

జీఎస్టీ గురించి కూడా ఒక మాట. 2025 జూలైలో కర్ణాటక వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ రాబడుల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు పంపింది. బెంగళూరులో కొన్ని దుకాణాల ముందు నగదు మాత్రమే అన్న బోర్డులు వెలిశాయి. ఆ భయం ఇక్కడికీ పాకింది. కానీ అది జీఎస్టీ నమోదుకు సంబంధించిన విషయం, ఆదాయపు పన్ను కాదు. సరుకుల అమ్మకాలు ఏడాదికి ఆంధ్రప్రదేశ్‌లో 40 లక్షలు, తెలంగాణలో 20 లక్షలు దాటితే, సేవలైతే రెండు చోట్లా 20 లక్షలు దాటితే నమోదు కావాలి. జీఎస్టీ మినహాయింపు ఉన్న తాజా కూరగాయలు, పాల వంటివి మాత్రమే అమ్మేవారికి ఆ అవసరం లేదు. యూపీఐ బోర్డు తీసేస్తే పోయే బాధ్యత కాదిది. తీసేసినందువల్ల 6 శాతం కాస్తా 8 శాతం అవుతుంది, అంతే.

రిటర్ను సమర్పించగానే పని అయిపోయిందని చాలామంది కంప్యూటర్ కట్టేస్తారు. ఇంకా ధ్రువీకరణ మిగిలి ఉంటుంది. 30 రోజుల్లోగా ఆధార్ ఓటీపీతోనో నెట్ బ్యాంకింగ్‌తోనో ధ్రువీకరించాలి. అది కుదరకపోతే రిటర్ను రసీదైన ఐటీఆర్-వి కాగితం మీద సంతకం చేసి, బెంగళూరులో రిటర్నులు పరిశీలించే శాఖ కేంద్రమైన సీపీసీకి అదే 30 రోజుల్లో చేరేలా పోస్టు చేయాలి. ధ్రువీకరించని రిటర్ను వేయనట్టే లెక్క. గడువు దాటాక ధ్రువీకరిస్తే ఆ రోజునే దాఖలు చేసినట్టు చూస్తారు. దళారికి డబ్బు ఇచ్చి, చేతిలో ఒక కాగితం పట్టుకుని, ఏడాది తర్వాత బ్యాంకులో రిటర్ను లేదనిపించుకున్నవాళ్లు ఎక్కువగా ఇక్కడే దెబ్బతిన్నారు. పోర్టల్‌లో మీ రిటర్ను పక్కన ధ్రువీకరించినట్టు కనిపించే దాకా లేవకండి. ఆ రసీదులో 15 అంకెల సంఖ్య ఉంటుంది. దాన్ని, గీతలు పెట్టిన స్టేట్‌మెంటును ఒకే కవరులో పెట్టి దాచండి.