ఎండలో కెమెరా స్క్రీన్ కనబడకపోతే వ్యూఫైండర్‌తో ఫొటో తీయడం ఎలా?

మే నెలలో మిట్టమధ్యాహ్నం వరంగల్ కోటలో కీర్తితోరణం ముందు నిలబడి చిన్న డిజిటల్ కెమెరా స్క్రీన్ చూడండి. తోరణం సరిగా కనబడదు, మీ మొహమే కనబడుతుంది. స్క్రీన్ లోపలి లైటు ఎండ ముందు చాలదు. ఇక ఒక చెయ్యి నీడ పట్టడానికి, ఇంకో చెయ్యి బటన్ నొక్కడానికి పోతుంది. ఫొటో కదిలిపోతుంది, తోరణం ఒక పక్కకు ఒరుగుతుంది.

చాలా పాత కాంపాక్ట్ కెమెరాల్లో దీనికి మందు ఉంది. స్క్రీన్ పైన వేలిగోరంత గాజు కిటికీ ఉంటుంది, అదే వ్యూఫైండర్. కానన్ పవర్‌షాట్ ఏ590, జి10, జి12 లాంటి వాటిలో ఉంది. బీరువాలో అలాంటి కెమెరా పడి ఉంటే బయటికి తీయండి. ఆ కిటికీని నమ్మే ముందు దాని లెక్క తెలుసుకోవాలి.

ముందు, అది ఏ రకమో చూడండి

కెమెరా ఆన్ చేయకుండానే కిటికీలో కన్ను పెట్టండి. ఎదురుగా ఉన్నది కనబడితే అది ఆప్టికల్. చీకటిగా ఉంటే లోపల చిన్న స్క్రీన్ ఉన్నట్టు. 2014లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్100 మార్క్ 3లో పైకి లేచేది ఈ రకమే. అందులో లెన్స్ చూసేదే కనబడుతుంది కాబట్టి కింద చెప్పే తేడా లెక్క దానికి అవసరం లేదు.

ఆప్టికల్ కిటికీకి లెన్స్‌తో సంబంధం లేదు. అది పక్కన అమర్చిన చిన్న దుర్భిణి లాంటిది. జూమ్ చేస్తే తనూ జూమ్ అవుతుంది, అంతే. చాలా కాంపాక్ట్‌లలో ఫొటోలో వచ్చే దానిలో నూటికి 80 పాళ్ల దాకానే చూపిస్తుంది. అంటే మీరు చూసిన దానికన్నా ఫొటోలో చుట్టూ ఎక్కువ పడుతుంది.

గాజు మీద ఏళ్ల దుమ్ము ఉంటుంది, మెత్తని నూలు బట్టతో తుడవండి. జి10, జి12లలో కిటికీ పక్కన చిన్న చక్రం ఉంటుంది. అది తిప్పితే మీ కంటి చూపుకు తగ్గట్టు బొమ్మ స్పష్టమవుతుంది.

ఇంట్లో క్యాలెండర్‌తో పరీక్ష

దయచేసి ఈ పని వదిలేయకండి. నేను వదిలేసి ఒక బతుకమ్మను పోగొట్టుకున్నాను. అమ్మ పొద్దంతా కూర్చుని తంగేడు, గునుగు పేర్చింది. దగ్గరగా వంగి, కాస్త జూమ్ చేసి, కిటికీలో నిండుగా చూసి బటన్ నొక్కాను. ఫొటోలో పైన పసుపు గౌరమ్మ లేదు, కింద శిబ్బి మాత్రం మొత్తం ఉంది.

కారణం ఏమిటంటే, కిటికీ లెన్స్‌కు కొన్ని సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. దూరాన ఉన్న గుట్టకు ఆ తేడా లెక్కలోకి రాదు. చేతి దూరంలో ఉన్న బతుకమ్మకు వస్తుంది. కన్ను చూసిన దానికన్నా కిందిది లెన్స్ చూస్తుంది, అందుకే పైభాగం తెగుతుంది.

గోడకు క్యాలెండర్ వేలాడదీయండి. మూడు మీటర్ల దూరం నుంచి క్యాలెండర్‌ను కిటికీలో సరిగ్గా మధ్యకు తెచ్చి ఒక ఫొటో తీయండి. తర్వాత ఒక మీటరు నుంచి, ఆ తర్వాత అర మీటరు నుంచి తీయండి. ప్రతిసారీ పూర్తి జూమ్‌లో కూడా ఒకటి తీయండి. ఇప్పుడు స్క్రీన్ మీద చూస్తే క్యాలెండర్ ఎటు జరిగిందో, ఎంత జరిగిందో తెలిసిపోతుంది. సాధారణంగా ఫొటోలో అది పైకి, ఒక పక్కకు జరిగి ఉంటుంది. ఎటు జరిగితే కెమెరాను కూడా అటే కాస్త జరపాలి. మీటరు లోపలికి వస్తే మాత్రం కిటికీని వదిలేసి స్క్రీన్ వాడండి.

బయట పట్టుకునే పద్ధతి

కెమెరాను నుదుటికి ఆనించండి, మోచేతులు పక్కటెముకలకు తగలాలి. రెండు చేతులు, నుదురు కలిసి మూడు ఆధారాలు అవుతాయి కాబట్టి వణుకు తగ్గుతుంది. చేతులు చాచి స్క్రీన్ చూసేటప్పుడు ఈ సుఖం ఉండదు. రెండో కన్ను తెరిచే ఉంచండి, పక్క నుంచి ఎవరు వస్తున్నారో తెలుస్తుంది.

బటన్ సగం నొక్కి ఆగండి. కానన్ ఏ-సిరీస్‌లో కిటికీ పక్కన చిన్న లైటు ఉంటుంది. ఆకుపచ్చగా నిలబడితే ఫోకస్ కుదిరినట్టు. నారింజ రంగులో ఆడుతుంటే వెలుతురు చాలక ఫొటో కదిలే ప్రమాదం ఉందని అర్థం. దీన్ని చూడటం అలవాటు చేసుకోవాలి, ఎందుకంటే కిటికీలో అంతా ఎప్పుడూ స్పష్టంగానే కనబడుతుంది. ఫోకస్ తప్పినా, లెన్స్ ముందుకు వేలు వచ్చినా, మెడతాడు అడ్డం పడినా అది చెప్పదు.

డిస్‌ప్లే బటన్ నొక్కుతూ పోతే స్క్రీన్ ఆగిపోతుంది. బ్యాటరీని ఎక్కువగా తినేది అదే. మేడారం జాతర నాలుగు రోజులు. చెట్ల కింద గుడారం వేసుకుని ఉండేవాళ్లకు చార్జింగ్ దొరకడం కష్టం. స్క్రీన్ ఆపి తీస్తే అదే బ్యాటరీ మీద చాలా ఎక్కువ ఫొటోలు వస్తాయి. ఏ590 లాంటి వాటికి మామూలు పెన్సిల్ సెల్లులే సరిపోతాయి. జాతరకు వెళ్లే వాళ్లకు నేను అదే చెప్తాను.

వెలుతురు విషయంలో స్క్రీనే దిక్కు

కిటికీ వెలుతురు ఎంత పడుతుందో చూపించదు. హనుమకొండలో 1163లో రుద్రదేవుడు కట్టించిన వెయ్యి స్తంభాల గుడి ముందు నల్లరాతి నంది ఉంది. కెమెరా ప్రతిదాన్నీ మధ్యరకం బూడిద రంగు అనుకుని కొలుస్తుంది. అందుకని నంది తెల్లబారుతుంది, దాని నునుపు, మెరుపు పోతాయి. వెలుతురు సరిచేసే ప్లస్-మైనస్ సెట్టింగును మైనస్ ఒకటి దాకా తగ్గించి తీయండి.

రామప్పలో ఇది తిరగబడుతుంది. చూరు కింద ఉన్న మదనికలు అనే స్త్రీ శిల్పాల వెనక ఆకాశం మెరుస్తుంటుంది, కాబట్టి శిల్పాలు చీకటిగా వస్తాయి. అక్కడ ప్లస్ ఒకటి పెట్టాలి. శిల్పాలు ఎత్తున ఉంటాయి. తల ఎత్తి, కెమెరాను నుదుటికి ఆనించి, కిటికీలో జూమ్ చేస్తే చెయ్యి నిలుస్తుంది.

రెండు చోట్లా ఒక ఫొటో తీయగానే మండపం నీడలోకి వెళ్లి స్క్రీన్ మీద పెద్దది చేసి చూడండి. సరిగా లేకపోతే సెట్టింగ్ మార్చి మళ్లీ తీయండి. నల్లటి కూలింగ్ గ్లాసెస్ పెట్టుకుని చూడకండి, కొన్ని రకాల అద్దాల్లోంచి స్క్రీన్ పూర్తిగా నల్లగా కనబడుతుంది.

పాతది కొనబోతుంటే దుకాణంలోనే కిటికీలో కన్ను పెట్టి జూమ్‌ను మొదటి నుంచి చివరి దాకా తిప్పండి. బొమ్మ కూడా దానితో పాటు దగ్గరికి రావాలి. లోపల బూజు దారాలు కనబడితే తీసుకోకండి. అక్కడే గుమ్మం బయటికి వచ్చి, ఎండలో ఒక ఫొటో కిటికీతో, ఒకటి స్క్రీన్‌తో తీసి, రెండూ పోల్చుకుని డబ్బులివ్వండి.