స్కానింగ్ నేర్పేటప్పుడు ఎక్కడ తేడా కొడుతుంది: సమస్యలు - పరిష్కారాలు

గుంటూరులో ఎంబీబీఎస్ పిల్లలకు అల్ట్రాసౌండ్ నేర్పుతుంటాను. బ్యాచ్‌లో పది మంది, మిషన్ ఒకటి. పిల్లలు మారతారు గానీ తప్పులు మాత్రం అవే. కొత్తగా నేర్పబోయే పీజీల కోసం ఇది.

స్క్రీన్ సగం నల్లగా ఉంది

మిషన్ పాడైందంటారు. పాడవలేదు, ప్రోబ్‌కీ (ఒంటికి ఆనించి స్కాన్ చేసే చేతి పరికరం) ఒంటికీ మధ్య గాలి దూరింది. శబ్దతరంగాలు గాలిని దాటి లోపలికి పోలేవు. జెల్ ఇంకాస్త వేయించి, ప్రోబ్ అంచులు రెండూ ఆనాయో లేదో వంగి చూడమనండి. జెల్ వేసినా నల్లటి చారలు వరసగా వస్తుంటే అవి పక్కటెముకల నీడలు. గట్టిగా ఊపిరి పీల్చి బిగబట్టమంటే లివర్ కిందికి దిగుతుంది. చాలకపోతే ప్రోబ్‌ను ఎముకల సందు వెంట ఏటవాలుగా తిప్పాలి.

కుడి ఎడమలు తారుమారు

పొట్ట మీద అడ్డంగా పెడితే ప్రోబ్ గుర్తు పేషెంటు కుడివైపు, నిలువుగా పెడితే తలవైపు ఉండాలి. అనుమానమొస్తే ఒక అంచున జెల్ రాసి వేలితో తట్టండి, స్క్రీన్‌లో ఏ పక్క కదులుతుందో తెలుస్తుంది. గుండె సెట్టింగులో స్క్రీన్ గుర్తు అటు పక్కకు మారుతుంది. ముందు బ్యాచ్ ఎకో (గుండె స్కాన్) చూసి అలాగే వదిలేసి పోయిందేమో కూడా చూడండి.

గాల్ బ్లాడర్ దొరకట్లేదు

పడుకున్నవాణ్ణి ముందు ఏం తిన్నావో అడగండి. "ఏం తినలేదు సార్, రెండు బజ్జీలే" అన్నవాడున్నాడు మా దగ్గర. కొవ్వు పడితే గాల్ బ్లాడర్ (పిత్తాశయం) ముడుచుకుపోతుంది. కనీసం ఆరు గంటలు ఏమీ తినకుండా ఉండాలి. అందుకే పైపొట్ట పొద్దున్నే పెట్టుకుని, మధ్యాహ్నం నీళ్లు తాగించి మూత్రాశయం చూపిస్తాను.

ఫోటోలో గుర్తుపడతారు, ప్రోబ్ ఇస్తే దొరకదు

అసలు చిక్కంతా ఇక్కడే. ఫోటో చూపిస్తే 'మోరిసన్ పౌచ్' (లివర్‌కీ కుడి కిడ్నీకీ మధ్య సందు) అని టక్కున చెప్పే అమ్మాయి, ప్రోబ్ చేతికిస్తే నిమిషం వెతికి నా మొహం వంక చూస్తుంది. తప్పు చాలాసార్లు మనది. "ఇటివ్వమ్మా" అని తీసుకుని, రెండు సెకన్లలో కిడ్నీ చూపించి తిరిగిచ్చేవాణ్ణి నేనూ. అలవాటు పడింది నా చెయ్యే, ఆ పిల్ల చెయ్యి కాదు.

ఇప్పుడు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడుతున్నాను. ప్రోబ్‌కు ప్రధానంగా నాలుగు కదలికలు: జరపడం, వాల్చడం, ఉన్నచోటే తిప్పడం, గుర్తువైపు అటూ ఇటూ ఊపడం. పిల్లలు నాలుగూ కలిపి చేసేస్తారు, దొరికిన కిడ్నీ కూడా మాయమైపోతుంది. పెన్ను పట్టినట్టు పట్టి, చిటికెన వేలు పేషెంటు ఒంటికి ఆనించమంటాను. వేలు ఆనితే జారడం ఆగుతుంది. "జరపకు తల్లీ, వాల్చు. ఇంకొంచెం... ఆగు." లివర్‌కీ కిడ్నీకీ మధ్య సన్నటి తెల్లగీత తేలుతుంది. యాక్సిడెంటు కేసులో రక్తం చేరితే అక్కడే నల్లటి పట్టీ కనపడుతుందని అప్పుడు చెబితే ఇక మర్చిపోరు. స్క్రీన్ కన్నా ముందు వాళ్ల మణికట్టు చూడటం నేను ఆలస్యంగా నేర్చుకున్నాను.

అంతా తెల్లగా పొగమంచులా ఉంది

గెయిన్ (బొమ్మ వెలుగును పెంచి తగ్గించే సెట్టింగు) ఎక్కువైంది. గది లైట్లు ఆర్పి, మూత్రాశయం లోపల నల్లగా కనపడేదాకా తగ్గించండి.

డాప్లర్‌లో రంగు పడట్లేదు

డాప్లర్ అంటే ప్రోబ్ వైపు వచ్చే, దూరం పోయే రక్తాన్ని రంగుల్లో చూపేది. రంగు పడలేదంటే ప్రోబ్ రక్తనాళానికి నిటారుగా ఉంది. ప్రకాశం బ్యారేజీ మీంచి తిన్నగా కిందికి చూస్తే కృష్ణ నీళ్లు మన వైపూ రావు, మననుంచి దూరమూ పోవు, ఇదీ అంతే. ప్రోబ్ వాల్చండి, కోణం 60 డిగ్రీల లోపు ఉండేట్టు. అయినా రాకపోతే స్కేలు (చూపించే వేగం హద్దు) తగ్గించండి.

జెలటిన్ బొమ్మ కరిగిపోయింది

జెలటిన్, ఇసబ్‌గోల్ కలిపి, లోపల ద్రాక్షపళ్లు పెట్టి సూది గుచ్చడం నేర్పొచ్చు, చవక కూడా. మే నెలలో మాత్రం కరెంటు పోతే చారే. ఫ్రిజ్‌లోంచి సరిగ్గా క్లాసు మొదలయ్యే ముందు మాత్రమే తియ్యండి.

ఎవరి మీద నేర్చుకోవాలి?

ఒకరి మీద ఒకరు, ఇష్టపడితేనే. గర్భిణుల మీద సాధన వద్దు. లింగ నిర్ధారణను నిషేధించే 1994 చట్టం ప్రకారం మిషన్‌కు రిజిస్ట్రేషన్ ఉండాలి, చేతిలో ఇమిడే చిన్న ప్రోబ్ అయినా సరే. అందుకని దాన్ని హాస్టల్‌కు పట్టుకుపోనివ్వకండి. స్నేహితుడి కిడ్నీలో రాయి బయటపడితే ఎవరికి చెప్పాలో స్కాన్‌కు పడుకునే ముందే అతన్ని అడిగి పెట్టుకోండి. మా దగ్గర ఆ మాట అడగకుండా మొదలుపెట్టాం, రాయి సంగతి బ్యాచ్ అంతటికీ తెలిసిపోయింది.